వంశంలో బీపీ జాడ తీసిన మా అత్త

ఊపిరినిచ్చిన దేవునికి స్తోత్రం. మనం ఆయన్ను తలచుకున్నా మరచిపోయినా, పిడికెడంత గుండెను ఒక్క పూట కూడా ఆగనీయకుండా నడిపిస్తున్న ఆయన నామానికి మహిమ. ఎవరి కడుపున ఎవరు పుట్టాలో నిర్ణయించినవాడు ఆయనే. తాత నుంచి వచ్చిన ముక్కు, నాయనమ్మ నుంచి వచ్చిన గొంతు, కంటికి కనబడకుండా రక్తంలో వచ్చినవి, అన్నీ ఆయనకు తెలిసినవే. మనకు తెలియనివాటిని తెలుసుకునే బుద్ధిని కూడా ఆయనే కొందరికి ఇస్తాడు. అలా బుద్ధినిచ్చి మా ఇంటికి ఒక మనిషిని పంపినందుకు ఆయనకు వేయి వందనాలు.

మా సంఘంలో ఎవరు సాక్ష్యానికి లేచినా ముందు దేవుణ్ణి స్తుతించి, తర్వాతే తమ సంగతి ఎత్తుకుంటారు. నేను అలాగే పెరిగాను, అలాగే రాస్తున్నాను. ఇక మా మేనత్త సంగతి చెబుతాను.

అత్త ఉండేది కోదాడలో. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు నర్సమ్మగా ఊళ్లు తిరిగి, టీకాలు వేసి, కాన్పులు చేసి రిటైరైంది. నేను సూర్యాపేటలో బడి పంతులమ్మను. ఆదివారం పొద్దున మందిరంలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. నాకు ఒక్కడే తమ్ముడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. నేను చెప్పబోయేదంతా వాడి ప్రాణం గురించే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మిల్లులో తమ్ముడి ముక్కులోంచి రక్తం కారింది. బాయిలర్ వేడికనుకుని తోటివాళ్లు తల మీద నీళ్లు పోశారు. రక్తం ఆగకపోయేసరికి దవాఖానకు తీసుకెళ్లారు. బీపీ పైది నూట తొంభై, కిందిది నూట పదిహేను. వాడికి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. డాక్టరు గోళీలు రాస్తూ, మీ నాన్నగారికి బీపీ ఉండేదా అని అడిగాడట. మా వాడు చెప్పిన జవాబు: "తెల్వది సార్. మా నాయిన ప్రభువు దగ్గరికి పోయిండు."

ఈ సంగతి వాడి భార్య ఫోనులో చెప్పినప్పుడు నేను ఆ జవాబులో లోటేమీ చూడలేదు. మా ఇంట్లో అందరం అలాగే చెప్తాం.

గోళీలు మొదలుపెట్టి నెల కూడా కాలేదు. సూర్యాపేటలో మా సంఘం మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టింది. తమ్ముడు భార్యతో వచ్చాడు. బయటి నుంచి వచ్చిన ఒక దైవజనుడు వాక్యం చెప్పాడు. పితరుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందని, పితరులు విగ్రహాలకు మొక్కిన పాపం పిల్లల దేహాల్లో రోగంగా దిగుతుందని, ఈ రోజు ఆ వంశ శాపం తెగిపోతుందని ప్రార్థించాడు. తమ్ముడు ముందుకు పోయి మోకరించాడు. ఆ దైవజనుడు గోళీలు మానమని అనలేదు, ఆయన మీద నేను నింద వేయను. మానడం మా వాడి సొంత ఆలోచన. మరుసటి సంస్కారపు ఆదివారం, మందిరంలో అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజున, వాడు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

"నా వంశ శాపం తెగింది. నాకు బీపీ లేదు. వచ్చేటప్పుడు మూసీ వంతెన మీద బస్సు కిటికీలకెల్లి గోళీల డబ్బా నీళ్లల్ల ఇసిరేసిన."

మందిరం చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది నేనే. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది, కానీ సాక్ష్యంలో దాపరికం ఉండకూడదు. నా తమ్ముడికి అంత విశ్వాసం ఉందని గర్వపడ్డాను. ఆ గర్వంతోనే అత్తకు ఫోను చేశాను.

అత్త అంతా వింది.

"వంశ శాపం తెగిందన్నాడా?"

"అవునత్తా."

"తెగిందంటే ముందు ఉన్నట్టేగా. గోళీ వేసుకుంటున్న నన్ను వదిలేస్తే, మన వంశంలో బీపీ ఉందని ఎవరు చూశారు? ఆ అయ్యగారు మనోళ్లలో ఎవరి చేతికన్నా బీపీ చూసే పట్టా కట్టాడా?"

"అత్తా, గట్లనకు. దేవుని మాట."

"దేవుని మాటకు నేనేమీ అడ్డం పడట్లా. ఉందా లేదా అని అడుగుతున్నా. ముప్పై ఏళ్లు ఊరందరి ఇళ్లకూ పోయి అడిగాను. మన ఇంట్లో అడగలా. మీ నాన్న పోయిననాడే అడగాల్సింది. ఏమే కోడలా, బడికి సెలవులేగా? ఎల్లుండి బస్సెక్కి వస్తున్నా. మా నాన్న గ్రంథం బయటికి తీసి పెట్టు."

మా తాత వేదగ్రంథం నా దగ్గరే ఉంది. తాతతోనే మా ఇల్లు ప్రభువును నమ్ముకుంది. ఆ గ్రంథం మొదట్లో ఉన్న ఖాళీ పేజీల్లో మా ఇంటి పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు రాసి ఉంటాయి. అత్త వచ్చీ రాగానే కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీల ముందు కూర్చుంది. తాత, నాయనమ్మ, మా నాన్న, మా చిన్నాన్న. నాలుగు మరణాలు. నాలుగింటి పక్కనా రాత మారింది గానీ మాట మారలేదు: ప్రభువునందు నిద్రించెను.

నేను ఎన్నోసార్లు ఆ మాట మీద వేలు పెట్టి ఓదార్పు పొందాను. అత్త కూడా వేలు పెట్టింది.

"మాట మంచిదే. సమాధి రాయి మీద చెక్కినా ఇంతకంటే మంచి మాట లేదు. కానీ అందరూ నిద్రపోయారనే రాసుకున్నాం గానీ, ఎట్లా నిద్రపోయారో ఒక్కళ్లం రాయలా. అందుకే పిల్లోడు డాక్టరు ముందు తెల్లమొహం వేశాడు." తర్వాత నా వైపు తిరిగింది. "మీ నాన్న పోయేటప్పుడు నేను దూరంగా డ్యూటీలో ఉన్నా. నువ్వు దగ్గరున్నావు. ఏం చూశావో చెప్పు."

ఆ సంగతి అప్పటిదాకా నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నాన్నకు యాభై రెండేళ్లు. క్రిస్మస్ పాటలు నేర్పిస్తూ వారం రోజుల నుంచి తల వెనక నొప్పి అంటున్నాడు. ఆ రోజు ఎడమ చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది. నన్ను పిలిచాడు గానీ మాట రాలేదు. మూడు రోజులు ఉన్నాడు. పక్షవాతమని ఎవరూ అనలేదు, గాలి కొట్టిందని అందరూ అన్నారు. ఇదంతా చెప్తూ నేను ఏడ్చాను. పక్కన అమ్మ కూడా ఏడ్చింది. అత్త ఏడవలేదు. సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, ఒక చతురస్రం గీసి, దాని పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్న. అది ఆమెకు ట్రైనింగులో నేర్పిన పద్ధతి. గీశాక పెన్ను కింద పెట్టి, నా తలను తన భుజానికి ఆనించుకుంది.

ఆ వేసవంతా నేను ఆమె వెనక తిరిగాను. చూసేకొద్దీ ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. బీపీ చూడటం చాలామందికి వచ్చు. అత్త చూసినట్టు చూడటం నేనెక్కడా చూడలేదు. పట్టా కట్టే ముందు మనిషి ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలట. వీపు ఆనాలి, కాళ్లు నేలకు ఆనాలి, అంతకు ముందు చాయ్ తాగకూడదు. మావాళ్లు ఏం చేసినా చేస్తారు గానీ ఐదు నిమిషాలు నోరు మూసుకుని మాత్రం కూర్చోలేరు. అందుకు అత్త ఒక ఉపాయం పట్టింది. "ముందు మౌన ప్రార్థన చేసుకుందాం, కళ్లు మూసుకోండి," అనేది. ప్రార్థన అంటే మా ఇళ్లలో పసిపిల్ల కూడా కాదనదు. అందరూ కళ్లు మూసుకునేవారు. అత్త ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూసేది. ఐదు నిమిషాలయ్యాక మెల్లగా ఆమెన్ అని పట్టా కట్టేది. రెండుసార్లు చూసి రెండూ రాసేది.

ఇది మా అమ్మ దగ్గరే ఒకసారి తప్పింది. అమ్మకు మౌన ప్రార్థన చాతకాదు. రెండో నిమిషానికే పెదవులు కదిలాయి, మూడో నిమిషానికి గొంతు లేచింది, నాలుగో నిమిషానికి వాడకట్టంతా వినేట్టు దేవుణ్ణి బతిమాలుతోంది.

"వదినా, మెల్లగా. ఆయనకు చెవులు బాగానే వినపడతయ్," అంది అత్త.

"నాకు ఇంతకన్న మెల్లగ రాదు పిల్లా. మీ అన్న ఉన్నప్పటి సంది గింతే."

మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. చివరికి అమ్మ బీపీ మామూలుగానే ఉందని తేలింది. నీ చెయ్యి కూడా ఇవ్వు అని అత్త నన్ను అడిగింది. రాసేది నేనే కదా, నాకేం నొప్పి, తర్వాత చూద్దాం అని తప్పించుకున్నాను. ఆమె బలవంతం చేయలేదు.

తర్వాత కోదాడ. చిన్నాన్న పోయి ఆరేళ్లయింది, అక్కడ చిన్నమ్మ ఉంది. చిన్నాన్న సంగతి అడిగితే ఆమె మొదట, "ప్రభువు పిలుచుకున్నాడు వదినా," అంది. అత్త వదల్లేదు. ఆ ముందు వారం ఏం తిన్నాడు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేదా, కాళ్లకు నీరు పట్టిందా అని నెమ్మదిగా అడుగుతూ పోయింది. చిన్నాన్నకు బీపీ ఉందని ఎప్పుడో ఒక క్యాంపులో చెప్పారని, చీటీ పర్సులో పెట్టుకుని తిరిగాడే తప్ప గోళీ వేసుకోలేదని అప్పుడు బయటపడింది. "నొప్పి లేనిదానికి మందెందుకు అనేవాడు," అంది చిన్నమ్మ. నోటుబుక్కులో రెండో చతురస్రం పక్కన ఎర్ర గుర్తు పడింది.

చిన్నమ్మకు చూస్తే ఆమెకూ ఎక్కువే ఉంది. నాకు అయోమయంగా అనిపించింది. ఆమె మా రక్తం కాదు కదా, కోడలిగా వచ్చింది కదా అన్నాను. అత్త నన్ను మెచ్చుకోలుగా చూసి, "ఇప్పుడు పంతులమ్మలా అడిగావు," అని చిన్నమ్మ వైపు తిరిగింది.

"మీ అమ్మానాన్నలకు ఉందా?"

"మా అమ్మ ఎనభై దాటింది వదినా. ఇప్పటికీ గోళీ మొహం ఎరగదు."

"నెలకు ఎన్ని ఉప్పు పాకెట్లు కొంటారు ఇంట్లో?"

"పచ్చళ్లు కాకుండానా?"

"పచ్చళ్లతో కలిపే చెప్పు. ఎండు చేపలు కూడా."

చిన్నమ్మ వేళ్లు మడిచి, మళ్లీ తెరిచి, నవ్వేసింది. "ఉప్పు మీద పడ్డావేంటి వదినా? మనల్ని లోకానికి ఉప్పుగా ఉండమన్నాడు కదా ప్రభువు."

"లోకానికి ఉండమన్నాడు. చారులో ఉండమన్లా."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. తిరిగి వస్తూ అత్త బస్సులో చెప్పింది: ఒక ఇంట్లో వాళ్లు రక్తం ఒక్కటే పంచుకోరు, కుండ కూడా పంచుకుంటారు. రక్తంలో వచ్చిందా, కుండలోంచి వచ్చిందా అన్నది విడదీయాలి. దానికి మన రక్తమై ఉండి, మన కుండలో తినని మనిషి ఒకడు కావాలి.

అలాంటి మనిషి ఉన్నాడు. ఆత్మకూరులో మా పెదనాన్న. నాన్నకు, అత్తకు పెద్దన్న. నాయనమ్మ వాళ్ల అక్కకు పిల్లలు లేకపోతే పాలు మానిన వయసులోనే ఆయన్ను దత్తత ఇచ్చారు. తాత ప్రభువును నమ్ముకున్నది ఆ తర్వాత. అందుకని పెదనాన్న ఇల్లు హిందువుల ఇల్లే. పండగలకూ పబ్బాలకూ మా రాకపోకలు తక్కువ. పెళ్లిళ్లకూ చావులకూ మాత్రం ఆయన తప్పక వచ్చేవాడు. నాన్న శవపెట్టెను మోసినవాళ్లలో ఆయన ఒకడు.

మేం వెళ్లేసరికి పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

"ఏందే చెల్లె, గీ ఎండల ఎల్లినవ్? సంచిల ఏంది, సూదా?"

"సూది కాదన్నా. నీ చెయ్యి కావాలి ఒక ఐదు నిమిషాలు."

విషయం చెప్పగానే ఆయన పెద్దగా నవ్వి లోపలికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చి అత్త ఒళ్లో పెట్టాడు. నిండా బీపీ గోళీలు.

"పదేండ్లాయె. ఊళ్లె నర్సమ్మ జూసి చెప్పింది. పొద్దుగాల ఒకటి. ఒక్కనాడు తప్పిపోలే. నువ్వు నర్సమ్మవు గాదె, నర్సమ్మ మాట ఇనకుంటె నీకు చెడ్డపేరు రాదా?"

"మాకు ఎప్పుడూ చెప్పలేదేం పెదనాన్నా?" అన్నాను.

"మీరు అడిగిర్రా బిడ్డా? తమ్ముడు పోయిననాడు అడిగిర్రా? దేవుడు పిలుసుకున్నడంటిరి. నేను ఏమనాలె?" డబ్బా వైపు చెయ్యి చూపిస్తూ మళ్లీ అన్నాడు. "నేను ఇల్లు మారిన, మీరు దేవుణ్ణి మారిర్రు. రక్తం యాడ మారుతది?"

అత్త డబ్బాను పక్కన పెట్టింది. లేచి అన్న కాళ్లకు దండం పెట్టబోతే ఆయన భుజాలు పట్టుకుని లేపాడు. మా ఇంట్లో మనుషులకు మొక్కే అలవాటు లేదు. ఆ రోజు నాకు అది తప్పుగా తోచలేదు.

బయట వేపచెట్టు నీడలో బస్సు కోసం నిలబడి అత్త నోటుబుక్కు తెరిచి నాకు చూపించింది. ఒక తల్లి కడుపున పుట్టిన నలుగురు. ముగ్గురు ఒక కుండలో తిన్నారు, ఒకడు వేరే కుండలో తిన్నాడు. నలుగురికీ వచ్చింది. నాలుగోది అత్తదే, ఆమె ఏళ్ల నుంచి గోళీ వేసుకుంటోంది. "కాబట్టి రక్తంలో ఉంది. చిన్నమ్మను చూశాం కాబట్టి కుండలోనూ ఉంది. రక్తంలో ఉన్నవాళ్లకు కుండ తోడైతే తొందరగా వస్తది. ఇక ఇది చూడు." నాన్న, చిన్నాన్నల గుర్తులను చూపింది. తర్వాత పెదనాన్నది, తనది. గోళీ వేసుకోని ఇద్దరు అరవై చూడలేదు. వేసుకున్న ఇద్దరూ మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. "నలుగురిని చూసి లోకమంతా ఇంతేనని అనను. కానీ మీ తమ్ముడు కూడా ఈ నలుగురి పిల్లోడే."

రెండు రోజుల తర్వాత మిర్యాలగూడ వెళ్లాం. తమ్ముడు డ్యూటీ దిగి సాయంత్రం ఇంటికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. కణతలు రుద్దుకుంటున్నాడు. మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు గానీ సంచి చూసి వెనక్కి తగ్గాడు.

"అత్తా, తిను, పండుకో, నాల్గు రోజులుండు. అది మాత్రం సంచిల్నే ఉండనీ."

"నీకు కడతానని ఎవరన్నారురా అల్లుడా? పెద్ద నీ చెయ్యే బంగారమైనట్టు. నీ పెళ్లానికి చూస్తా."

మరదలికి చూసింది, మామూలుగా ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇక నువ్వు. ఇన్ని రోజులు తప్పించుకున్నావు," అంది. తమ్ముడి ముందు కాదనలేకపోయాను. ఐదు నిమిషాలు కళ్లు మూసుకున్నాను. అత్త చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. రెండో చేతికి కూడా చూసింది.

"పైది నూట అరవై ఎనిమిది. కిందిది నూట రెండు."

"మిషన్ల ఏదో తప్పుంటది అత్తా. నాకు ఒక్క తలనొప్పి కూడ లేదు," అన్నాను.

"మీ చిన్నాన్న కూడా అదే అన్నాడుట."

నాకంటే ఎక్కువగా తమ్ముడు అదిరిపోయాడు. "అక్కకా? అక్కకెట్లొస్తది? అక్క నాకన్న ఎక్కువ ప్రార్థన చేస్తది. ఎన్నడన్న ఉపవాసం ఇడిసిందా?"

"నేనూ అదే అడుగుతున్నా. శాపమైతే మీ అక్క దగ్గర ఏం పని దానికి?"

అప్పుడు అత్త నోటుబుక్కు తెరిచి వాడి ముందు పెట్టింది. నాన్న గ్లాసు జారిన రోజు, చిన్నాన్న పర్సులో చీటీ, పెదనాన్న స్టీలు డబ్బా, అన్నీ చెప్పింది. వాదించలేదు. గొంతు పెంచలేదు. వాడు ఎర్ర గుర్తులను ఒక్కొక్కటిగా వేలితో తాకాడు. తర్వాత అన్నాడు.

"నాకు తలనొప్పి తెలుస్తనే ఉన్నదత్తా. రోజూ ఉన్నది. గానీ సంఘం ముందట లేసి చెప్పిన. ఇప్పుడు గోళీ ఏసుకుంటె నేను అబద్ధం చెప్పినట్టా, దేవుడు అబద్ధమైనట్టా?"

వాడు భయపడింది రోగానికి కాదు, దేవుని పేరు చెడిపోతుందని. చిన్నప్పుడు వాడికి కంఠస్థ వాక్యాలు నేర్పింది నేను. సాక్ష్యమిచ్చి వెనక్కి తగ్గకూడదని నేర్పిందీ నేనే.

"ఎవరూ అబద్ధం కాదురా. నువ్వు తొందరపడ్డావు, అంతే," అంది అత్త. "వేదగ్రంథంలో పుండుతో చావబోతున్న యూదా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విన్నానన్నాడు. ఆయుష్షు పెంచానన్నాడు. మాట ఇచ్చేశాడు కదా? అయినా ప్రవక్త ఏం పెట్టమన్నాడు పుండు మీద?"

తమ్ముడు నెమ్మదిగా, "అంజూరపు పండ్ల ముద్ద," అన్నాడు.

"పెట్టించుకున్నాడా, నాకు విశ్వాసం ఉంది, ముద్ద వద్దన్నాడా?"

వాడు నోటుబుక్కు మూశాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. "ఆ రోజు అందరికన్న గట్టిగ స్తోత్రం అన్నది నేనే రా. నీకు బరువు పెట్టింది నేను. ఈసారి లేస్తే ఇద్దరం కలిసి లేద్దాం. నాకు కూడ ఉన్నదని నేను ముందు చెప్త."

వాడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

పట్టా కట్టి, చూసి, మళ్లీ చూసి, అత్త అంకె చెప్పలేదు. ఆమె మొహంలో ఏమీ మారలేదు. "చొక్కా సర్దుకో. ఇప్పుడే దవాఖానకు పోదాం."

"తిని పోదాం అత్తా."

"వచ్చి తిందాం."

పైది రెండు వందలు దాటిందని ఆటో ఎక్కాక నా చెవిలో చెప్పింది.

దవాఖానలో వాణ్ణి పడుకోబెట్టి మందిచ్చి గంటగంటకూ చూశారు. డాక్టరమ్మ ఇంటి వివరాలు అడిగితే అత్త నోటుబుక్కు ఇచ్చింది. ఆమె నిలబడి తిరగేయడం మొదలుపెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది ఎవరు రాయించారమ్మా?" అని అడిగింది. నేనే చెప్పాను, ఈమె మా అత్త అని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్న గర్వానికి మాత్రం నాకు సిగ్గు లేదు. డాక్టరమ్మ చెప్పింది కూడా అత్త చెప్పిందే: ఇది కుటుంబాల్లో నడుస్తుంది, అయినా నడిచి వచ్చినదాన్ని ఆపుకునే వీలుంది, ఇంట్లో పెద్దైన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి చూపించుకోవాలి. నాక్కూడా పరీక్షలు చేసి గోళీ మొదలుపెట్టారు.

తర్వాతి సంస్కారపు ఆదివారం ఇద్దరం లేచి నిలబడ్డాం. నేను ముందు మాట్లాడాను. తమ్ముడు ఎక్కువ మాట్లాడలేదు. "నాకు బీపీ ఉన్నది. మా నాయినకు ఉండె. దేవుడు మా అత్తను పంపి నాకు తెలిపిండు. గోళీలు మూసీల ఏసింది నా తొందర. ఇప్పుడు ఏసుకుంటున్న," అని కూర్చున్నాడు. చప్పట్లు రాలేదు. ఎవరో దగ్గారు. పాస్టరు గారు మాత్రం గట్టిగా ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక ఒక పెద్దామె వాడి మొహం మీదే, "విశ్వాసం జారగొట్టుకున్నవ్ కొడుకా," అంది. వాడు తల వంచుకుని విన్నాడు. నేను జవాబు చెప్పబోతే అత్త నా చెయ్యి నొక్కి ఆపింది. తనే ఆ పెద్దామె దగ్గరికి పోయి, ఇంటి క్షేమం అడిగి, ఆమె చెప్పులు వెతికి ఇచ్చింది. అత్త గొప్పతనం నోటుబుక్కులో ఎంత ఉందో, అక్కడా అంతే ఉందని నాకనిపించింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. తమ్ముడి బీపీ ఇప్పుడు చాలావరకు అదుపులో ఉంది. తలనొప్పి తగ్గింది. మరదలు పచ్చడి జాడీని అటక ఎక్కించింది. అయినా ఉపవాసపు శుక్రవారాల్లో, ఏమీ మింగకూడదు కదా అని వాడు అప్పుడప్పుడు గోళీ వదిలేస్తున్నాడు. అడిగితే నవ్వుతాడు. నాకు ఆ నవ్వంటే భయం. అత్తకు మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా అనంతగిరిలో ఉన్న మా తాత తోబుట్టువుల పిల్లలకు కూడా చూడాలని సంచి సర్దుకుంటోంది.

ఇది చదువుతున్న మీరు ఏ సంఘంవారో నాకు తెలియదు. ఎవరైనా సరే, నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, నా తమ్ముడు నిన్ను ప్రేమించే ప్రేమలోనే గోళీని కూడా నీ చేతి నుంచి తీసుకునేలా చెయ్యి. వాణ్ణి వాడి పిల్లలకు దక్కించు. మందిరం బయట వాణ్ణి మాటన్న ఆ పెద్దామెకు నీ శాంతి సమాధానాలివ్వు, ఆమె రక్తంలో ఏముందో ఆమెకు తెలిసే రోజు ఇవ్వు. ఆత్మకూరులో మా పెదనాన్నను నీ కాపుదలలో ఉంచు. మా అత్త మోకాళ్లకు బలమివ్వు, ఆమె ఇంకా చాలా ఇళ్లు ఎక్కాలి. ఆమెన్ అనండి.